చూరులో తాటాకులు

ఆగండర్రా! ఆ దుంగ మంటలో వెయ్యొద్దు. ఇలగ ఇయ్యండి, నా ఒళ్ళో పెట్టండి. కాల్చడానికి ఇంకేటీ దొరకలేదేటి మీకు? దొడ్లో సరుగుడు పుల్లలున్నాయి, ఎండిన కొబ్బరి మట్టలున్నాయి, విరిగిపోయిన మంచంకోడు ఉన్నాది. ఎల్లుండి భోగికి దాచుకున్నవి కూడా ఇప్పుడే కాల్చుకోండి, నేనేటీ అనను. ఇది మాత్రం వద్దు.

ఎందుకా? ఏదీ, చేత్తో పట్టుకుని చూడు. మూరెడు కూడా లేదు, ఎంత బరువుందో చూసినావా? ఇటు, మంట వెలుగులోకి తిప్పు. చుట్టూ పాలిపోయినట్టు కనిపిస్తున్నది తెల్లచెక్క. దానికి పురుగు పడతాది, చెమ్మ తగిలితే మెత్తబడిపోతాది. మధ్యలో నేరేడుపండు రంగులో ఉన్నాది చూడు, అదీ చేవ. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ తుపాను పలాస దగ్గర ఒడ్డెక్కినప్పుడు మన కొలిమి పక్క చింతచెట్టు కూలిపోనాది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస, ఏదీ నిలబడలేదు ఆ రోజు. పడ్డ చెట్లు కొనుక్కుందికి కట్టెల వర్తకులు లారీలేసుకుని తిరిగినారు. మన చింతచెట్టు కూడా ఇచ్చీసినాను గానీ, మొదలు దగ్గర మూడడుగులు నాకొదిలీమన్నాను. ముక్కలు కోయించి, రెండు చివరలకీ పేడ పులిమి, ఎండ తగలకుండా అటక మీద పెట్టినాను. చివరల నుంచి తడి బేగి ఆరిపోతే కర్ర పగులిస్తాది. పేడ పులిమితే నెమ్మదిగా ఆరతాది. ఏడేళ్ళు దాటింది అలగ పెట్టి.

మన పెద్దోడు బెంగుళూరు నుంచి ఒక కత్తి తెచ్చినాడు కదా, పొద్దున్న మీరంతా చుట్టూ చేరి చూసినారు. కొండలెక్కి గుడారాలేసుకుని పడుకునేటప్పుడు పట్టుకెళ్తారట. పిడి లేదు దానికి, ఒట్టి అలుగే కొన్నాడు. పిడి మనమే వేసుకోవాలి తాతా, నువ్వు చెప్తే నేను చేసుకుంటాను అన్నాడు. అరవయ్యేళ్ళలో మన ఇంట్లో ఆ మాట ఎవరూ అడగలేదు. దాని కోసమే ఈ దుంగ పొద్దున్నే అటక మీంచి దింపినాను. మీరు దాన్ని మంటలో వేసీబోయినారు.

కూర్చోండి. ఆ మంట కాసింత ఎగదొయ్యి బావూ, పొగ నా కళ్ళల్లోకి వస్తన్నాది.

మన కొలిమి ఒక తాటాకు పాక. పడమటి వైపు ఒక్క మట్టిగోడ, మిగతా మూడు వైపులూ తెరిచే ఉండీవి. మధ్యలో గొయ్యి, గొయ్యిలో నిప్పు, పక్కన తోలుతిత్తి. చింతమొద్దులో దిగేసిన దాగలి. తిత్తి లాగీ పని నాది. ఏడో ఏట కూర్చున్నాను దాని దగ్గర. తాడు లాగితే తిత్తి నిండీది, వదిలితే గాలి నిప్పులోకి పోయీది. నా చెయ్యి ఒక్కసారి తప్పితే మా అయ్య తల తిప్పి చూసీవోడు. తిట్టీవోడు కాదు, ఒట్టినే చూసీవోడు.

నిప్పుకి తుమ్మబొగ్గు కొనీవాళ్ళం. అది చాలకపోతే నేనూ, మా చిన్నయ్య కొడుకూ గోనెసంచి పట్టుకుని రైలుకట్టకి పోయీవాళ్ళం. హౌరా-మద్రాసు లైను మన ఊరి పక్కనుంచే కదా. అప్పుడన్నీ ఆవిరింజన్లు. కోటబొమ్మాళి స్టేషన్లో ఆగిన ఇంజను బూడిద రాల్చీసి వెళ్ళీది, దాంట్లో సగం కాలిన రాక్షసిబొగ్గు ఉండీది. వేళ్ళు కాల్చుకుంటూ ఏరీవాళ్ళం. ఇనుముకి కొరత లేదు. కలకత్తా రోడ్డు ఉంది, దాని మీద లారీలున్నాయి. ఇప్పుడు 16 నంబరు జాతీయ రహదారి అంటున్నారు, అప్పుడు 5. విరిగిపోయిన లారీ కమాను పట్టీలు షెడ్డు వాళ్ళు తూకానికి అమ్మీవోరు. కత్తికి అంతకన్నా మంచి ఉక్కు మాకు దొరికీది కాదు.

నాగలికర్రు సాగదీసినా, కొడవలికి కక్కు పెట్టినా డబ్బు పుచ్చుకునీది లేదు. పంటలప్పుడు కళ్ళం దగ్గర మేర కొలిచి ఇచ్చీవోరు. కొత్త కత్తికి మాత్రం విడిగా బేరం. అందుకని కత్తి చేయించుకునీవోడు రెండుసార్లు ఆలోచించుకుని వచ్చీవోడు, వచ్చినోడు కొలిమి దగ్గరే పూటంతా కూర్చునీవోడు. ఎవరెవరు వచ్చీవోరనుకున్నారు? ఉద్దానం నుంచి కొబ్బరిచెట్లెక్కీవోళ్ళు. తాటిచెట్లెక్కీ శెగిడోళ్ళు. భావనపాడు నుంచి చేపలోళ్ళు. కొత్తమ్మ తల్లి జాతరకి ముందు వేటకత్తులు సాన పట్టించుకుందికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చీవి. కొండల మీంచి సవరోళ్ళు చింతపండు, కొండచీపుళ్ళు తెచ్చి సంతలో అమ్ముకుని, భుజాన గొడ్డలితో మన పాక ముందు గొంతుక్కూర్చునీవోరు. నారాయణవలస పశువుల సంతకి వచ్చినోళ్ళు ఎడ్లు అమ్ముకుని, చేతిలో డబ్బు ఉంది కదా అని కత్తి చెప్పీసి వెళ్ళీవోరు.

ఇప్పుడు వినండి. వీళ్ళలో ఎవరొచ్చినా మా అయ్య ముందు అలుగు గురించి అడిగీవోడు కాదు. "ఏదీ, చెయ్యి తే" అనీవోడు.

చూరులోంచి ఒక తాటాకు రెమ్మ లాగీవోడు. వేలెడు వెడల్పు ఉండీది. దాన్ని వచ్చినోడి అరచేతిలో అడ్డంగా పెట్టి, వేళ్ళు మూయించి, చుట్టీవోడు. వేళ్ళు మూస్తే కొసలు అరచేతి కండకి ఆనీ ఆననట్టుండాల. గుచ్చుకుంటే పిడి సన్నం, అందకుండా ఉండిపోతే లావు. ఆ చుట్టుకొలత దగ్గర గోటితో గీటు పెట్టీవోడు. తరవాత చూపుడు వేలు మొదలు నుంచి చిటికెన వేలు మొదలు దాకా అరచేతి వెడల్పు కొలిచి, ఇంకో రెండు వేళ్ళు కలిపి మరో గీటు. అది పిడి పొడవు. ఆకు చివర ఒక ముడి. శెగిడోడికైతే ఒక ముడి, కొబ్బరోడికి రెండు, చేపలోడికి మూడు. చదువు లేదు మా అయ్యకి, ఆ ముళ్ళే ఖాతా పుస్తకం. పని అయిపోనాక ఆ ఆకు పారేసీవోడు కాదు. మళ్ళీ చూరులోకే దోపీవోడు. ఏడేళ్ళ తరవాత పిడి అరిగిపోయి ఆ మనిషి వస్తే, చూరులో వెతికి అదే ఆకు తీసీవోడు. నలభై, యాభై ఊళ్ళ చేతులు మన చూరులో ఉండీవి.

అప్పుడప్పుడూ ఆకు తీసి మళ్ళీ కొలిస్తే చెయ్యి మారిపోయి ఉండీది. కీళ్ళు లావెక్కి, వేళ్ళు పూర్తిగా ముడుచుకోక. మా అయ్య ఏటీ అనీవోడు కాదు, కొత్త గీటు పెట్టీవోడు. పిడి కాసింత లావుగా వచ్చీది. మునపటికన్నా పట్టు కుదిరిందిరా అనీవోడు పట్టుకెళ్ళినోడు. చెయ్యి ముసలిదైపోనాదని వాడికి చెప్పనవసరం లేదు కదా.

పిడి గుండ్రంగా ఉండాలనుకుంటారు తెలియనోళ్ళు. గుండ్రటి పిడి చేతిలో తిరిగిపోతాది. కోడిగుడ్డుని పక్కలు నొక్కినట్టు కోలగా ఉండాల. అప్పుడు చీకట్లో పట్టుకున్నా అంచు ఎటున్నాదో చెయ్యికి తెలుస్తాది, చూడక్కర్లేదు. చెట్టెక్కినోడికి చివర కాసింత ఉబ్బు ఉంచాల, చెమట చేతిలోంచి జారకుండా చిటికెన వేలికి ఆనుతాది. సముద్రం మీదకి పోయీవోడికి చివర చిల్లు, తాడు కట్టుకుని మణికట్టుకి తగిలించుకుందికి. ఆడోళ్ళు చేపలు కోసీ కత్తికి బల్లపరుపు పిడి, ఎందుకంటే పొలుసు తీసినప్పుడు కత్తి పక్కకి పడుకోబెట్టాల. ఒకే కర్ర, ఒకే బాడిస, మనిషి మనిషికీ వేరు.

కర్ర గురించి చెప్తాను. బొబ్బిలి వీణకి పనస. ఏటికొప్పాక బొమ్మకి అంకుడు. అలగే ప్రతి పనికీ దాని చెట్టు దానికున్నాది. రోకలికి చండ్ర. కత్తిపిడికి మా ఇంట్లో మూడే కర్రలు: నల్లతుమ్మ చేవ, చింత చేవ, ఎప్పుడైనా అదృష్టం బాగుంటే ఇరుగుడు. సరుగుడు వద్దు, నిలువునా చీలిపోతాది. టేకు అందరూ గొప్పంటారు, తలుపులకి గొప్పే. కత్తిపిడికి టేకు వేస్తే దెబ్బ తిన్న దగ్గర పెచ్చు లేచిపోతాది. ఇది నా మాట, ఎవరేటన్నా ఇంతే. కర్రలో ముడి ఉంటే అందంగా ఉన్నాదని పొంగిపోకండి. పిడి మూతికి ఇత్తడి కట్టు, అదే పొన్ను, పడీ చోట ముడి వచ్చిందంటే ఆ పిడి అక్కడే విరగతాది.

అలుగు పని వేరే. కమాను పట్టీని ఎర్రగా కాల్చి, మా చిన్నయ్య సమ్మెట వేస్తే మా అయ్య సుత్తితో దారి చూపించీవోడు. సాగదీయడం, వెనక పక్క పిడిలోకి దిగీ తోక లాగడం, అంచు వైపు పల్చన చెయ్యడం. అది చూస్తే ఎవరికైనా అర్థమవుతాది. అర్థం కానిది తరవాత ఉన్నాది. ఆకురాయితో అంచు దిద్దినాక అలుగుని మళ్ళీ కాలుస్తారు. దొండపండు రంగు వచ్చీదాకా. పగలు ఆ రంగు కనపడదు, అందుకే మా అయ్య ఆ పని మునిమాపు వేళ పెట్టుకునీవోడు. అయస్కాంతం అలుగుకి అంటుకోవడం మానీసిందంటే వేడి దగ్గరపడిందని గుర్తు, ఆ మాట నాకు రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన ఒకాయన చెప్పినాడు. అప్పుడు ముంచాల. మామూలు ఇనుముకి నీళ్ళు పర్లేదు. కమాను పట్టీని నీళ్ళల్లో ముంచినామంటే 'టిక్కు'మని చిన్న చప్పుడు వస్తాది. ఆ చప్పుడు వింటే ఇంక ఆ కత్తి పారేసుకోడమే, వెంట్రుకంత పగులు పట్టీసిందన్నమాట. దానికి నూనె కావాల. లారీషెడ్డులో పారబోసీ ఇంజనాయిలు డబ్బాలో తెచ్చుకునీవాళ్ళం.

ముంచి తీసిన అలుగు గాజులాగ ఉంటాది. అంత గట్టిదీ పనికిరాదు, కిందపడితే విరిగిపోతాది. అంచుని తోమి తళతళలాడించి, కత్తి వీపుని నిప్పుల మీద పెట్టీవోడు మా అయ్య. అంచు నిప్పుకి తగలకూడదు. వేడి వీపు నుంచి అంచుకి నెమ్మదిగా పాకతాది. దాంతో పాటు రంగులు కూడా పాకతాయి. ముందు వరిగడ్డి రంగు. తరవాత బెల్లం రంగు. తరవాత వంకాయ రంగు. ఆఖర్న నెమలి మెడ. కోసీ కత్తి అంచుకి వరిగడ్డి రంగు రాగానే తీసీయాల. నరికీ కత్తికి బెల్లం దాకా ఉంచొచ్చు. గొడ్డలికి వంకాయ రంగు. నెమలి మెడ దాకా పోతే స్ప్రింగులాగ వంగతాది గానీ పదును నిలబడదు. మన పెద్దోడు ఫోనులో చూసి చెప్పినాడు, వరిగడ్డి రంగంటే ఇంచుమించు 220, 230 డిగ్రీలంట, నెమలి మెడంటే 300 దగ్గరంట. మా అయ్యకి డిగ్రీలు తెలీవు. ఊపిరి బిగబట్టి చూసీవోడు. ఆ రంగు పాకుతున్నంతసేపూ పాకలో ఎవరం మాటాడీవాళ్ళం కాదు. తిత్తి కూడా ఆపీసీవాణ్ణి.

రంగు చూసి తీసి చల్లారబెట్టినాక, సానరాయి మీద నీళ్ళు పోసుకుంటూ నూరడం. నూరినాక చింతపండు. పాత చింతపండు నానబెట్టి, ఆ గుజ్జు అలుగుకి పట్టించి ఒక రాత్రి ఉంచితే, మసి అంతా వదిలిపోయి వానమబ్బు రంగు వస్తాది. కొత్త వెండిలాగ మెరవదు. కానీ ఆ మబ్బు రంగు పట్టిన అలుగు బేగి తుప్పెక్కదు. మీద కాసింత ఆముదం రాసి గుడ్డలో చుట్టి ఇచ్చీవోళ్ళం.

ఇంక పిడి ఎక్కించడం. ఇది నా చేత్తో ఎన్ని వందలసార్లు చేసినానో. పిడికర్రకి నడిమధ్య బరమాతో సన్నని చిల్లు పెట్టాల, తోక కన్నా సన్నగా. మూతికి ఇత్తడి పొన్ను బిగించాల. ఇత్తడికి మనకేం తక్కువ, బుడితి ఎంత దూరం? అక్కడి కంచరోళ్ళ దగ్గర చిట్లిపోయిన చెంబుల మెడలు కొని తెచ్చీవోడు మా అయ్య, ఆ మెడ కోసి పొన్ను చేసీవోడు. తరవాత కత్తి తోకని ఎర్రగా కాల్చి, అలుగు వైపు తడిగుడ్డ చుట్టి, చిల్లులోకి దించాల. చెక్క చుయ్యిమంటాది, పొగ వస్తాది. చింతకర్ర కాలితే వచ్చీ ఆ పులుపు వాసన... ఇప్పటికీ ముక్కులో ఉన్నాది నాకు. తోక తన దారి తాను కాల్చుకుని దిగతాది. సగం దిగగానే లాగీయాల, లేపోతే లోపలంతా బొగ్గయిపోతాది. మళ్ళీ కాల్చి, మళ్ళీ దించి, మూడుసార్లు. ఆఖరి వేలెడు మిగలగానే బొగ్గు దులిపీసి, చిల్లులో లక్కపొడి పోసి, తోకని ఎర్రబడకుండా వేడి చేసి ఒక్కసారి దించీయడం. లక్క కరిగి పైకి పొంగతాది, పొన్ను చుట్టూ ఎర్రటి పూసలాగ గడ్డ కడతాది. తలకిందులు చేసి పట్టుకుని వంద లెక్కపెట్టాల. లెక్క నాదే. అప్పటికి నాకు వందదాకానే వచ్చీది.

లక్క సంగతి మా ఇంట్లోకి ఎలగొచ్చిందో చెప్పాల మీకు. మా తాత తెచ్చినాడు, రంగం నుంచి.

రంగం అంటే రంగూను. ఈ కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల్లో ఓడెక్కి మన జనం రంగం పోయీవోరు. రైసు మిల్లుల్లో, రేవులో మూటలు మోసీవోరు. అక్కడ మన తెలుగోళ్ళని కోరంగీలనీవోరంట. ఊళ్ళో ఎవడైనా అప్పులపాలయ్యాడంటే 'రంగం పోయినాడ్రా' అన్న మాటే వినపడీది. మా తాత అక్కడ రంపపు మిల్లులో కమ్మరి పనికి కుదిరినాడు. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపానోళ్ళు బాంబులేసినారు. ఆ పై మార్చికల్లా ఊరు జపానోళ్ళ చేతికి పోనాది. ఓడలు దొరికినోళ్ళు ఓడల్లో వచ్చినారు. దొరకనోళ్ళు, మనలాంటోళ్ళు, నడిచినారు. లక్షల మంది నడిచినారు. అడవులు, కొండలు, వానలు, విరేచనాలు. తాము అనీ ఊరి మీదుగా ఇంఫాలు వైపు నడిచినోళ్ళలో మా తాత ఉన్నాడు. దారిలో ఎంతమందిని వదిలీసి రావలసొచ్చిందో ఆయన చెప్పీవోడు కాదు. అడిగితే లేచి దొడ్లోకి వెళ్ళిపోయీవోడు.

చెప్పిందల్లా ఒక కత్తి గురించే. బర్మావోళ్ళు దాన్ని 'దా' అంటారు. సన్నంగా, కొసకెళ్ళీకొద్దీ కాసింత వంపు తిరిగి ఉంటాది. పిడికీ అలుక్కీ మధ్య అడ్డు ఉండదు. పిడి మాత్రం ఎంత పొడుగనుకున్నారు, రెండు చేతులూ పట్టుకోవచ్చు. దాంతోనే వెదురు నరికి రాత్రి పడుకుందికి మంచె కట్టీవోరంట, కట్టెలు కొట్టీవోరంట, చనిపోయినోళ్ళకి గొయ్యి తవ్వుకుందికి వేళ్ళు నరికీవోరంట. ఒక వాగు దాటుతుంటే రాయికి కొట్టుకుని ఆ పిడి నిలువునా చీలిపోనాది. పిడి లేని కత్తి చేత్తో పట్టుకుని నరకలేరు కదా. కత్తి లేపోతే మంచె లేదు, తడినేల మీద పడుకుంటే జ్వరం. అందుకని ఆ రాత్రి మంట దగ్గర, ఇలగే, మా తాత కొత్త పిడి వేసినాడు. పనిముట్టు లేదు. ఆ పిడి లేని కత్తికే గుడ్డ చుట్టి, దాంతోనే చెక్క చెక్కినాడు. తోక నిప్పులో కాల్చి చెక్కలోకి దించినాడు. అంతకు ముందు పిడిలోంచి విరిగి రాలిన లక్క పెళ్ళలు ఏరి దాచుకున్నాడంట, అవే కరిగించి పోసినాడు. బర్మా దాకి తోక పొట్టిది. పొన్ను, మేకు ఏదీ లేకుండా ఆ లక్కతోనే నిలబడతాది. మన వైపు అప్పటికి తోక పొడుగ్గా లాగి, పిడి చివర బయటికి తీసి మడత కొట్టీవోరు. లక్క పట్టు ఎంత గట్టిదో మా తాతకి ఆ అడవిలో తెలిసింది. ఆ పిడితోనే ఇంఫాలు చేరినాడు, ఇంటికొచ్చినాడు. వచ్చినాక మా అయ్యకి చెప్పిన మొదటి పనిమాట, లక్క కొనుక్కురమ్మని. ఆ దా మన పాక దూలానికి వేలాడుతుండీది. ఏ కర్రో ఎవరికీ తెలీదు, ఎర్రగా, బరువుగా. ఆయన పోయినప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ పిడి మీద ఆయన బొటనవేలు ఆనీ చోట చిన్న గుంట పడి ఉండీది. నా వేలు పెట్టి చూసుకునీవాణ్ణి, అందులో సగానికొచ్చీది.

కాసిని మంచినీళ్ళు ఇయ్యి అమ్మా.

ఇప్పుడు చెప్పబోయీది మీ నాన్నకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. 1964. నాకు పదహారు. మా అయ్య పెళ్ళికని నరసన్నపేట వెళ్ళినాడు. పాకలో నేనొక్కణ్ణే. ఉద్దానం నుంచి ఒక కొబ్బరాయన వచ్చినాడు. పిడి పగిలిపోనాది, రేపటికల్లా కావాల, తోటలో దింపు ఉన్నాది అన్నాడు. చూరులో ఆకు వెతికినాను, దొరికింది, రెండు ముళ్ళు. కొలత సరిగ్గా తీసుకున్నాను. కర్ర కోసం చూస్తే అటక మీద ఆరిన ముక్కలు ఉన్నాయి గానీ, అవి గట్టివి, చెక్కడానికి రోజు పడతాది. కింద వారం కిందట కొట్టిన తుమ్మకొమ్మ ఉన్నాది. పచ్చిది బాడిసకి వెన్నలాగ తెగతాది. మధ్యాహ్నానికి చెక్కీసినాను. నునుపు చేసి, నూనె రాసినాను. ఎంత బాగా వచ్చిందనుకున్నారు! ఆయన కూడా మెచ్చుకుని అర్ధరూపాయి నా చేతిలో పెట్టినాడు. మా అయ్య వచ్చినాక ఆ అర్ధరూపాయి చూపించి గొప్పగా చెప్పుకున్నాను. ఏ కర్ర వేసినావని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ తరవాత ఎండలొచ్చినాయి. పచ్చికర్ర ఆరితే చిక్కిపోతాది. పిడి చిక్కితే పొన్ను వదులవుతాది. పొన్ను జారిపోతే తోక చుట్టూ కర్ర చీలతాది. ఆయన చెట్టు మీదున్నాడు, పైన మట్ట మీద కత్తి వేసినాడు, పిడి చేతిలో ఉండిపోనాది, అలుగు కిందకి పోనాది. కింద ఆయన పెళ్ళాం కాయలు పోగుచేస్తున్నాది. భుజం మీద పడ్డాది.

ప్రాణం పోలేదు. కానీ ఆ చెయ్యి మళ్ళీ తలపైకి లేవలేదు.

కబురు తెలిసినరోజు మా అయ్య నన్ను తీసుకుని నడిచినాడు, వాళ్ళ ఊరు దాకా. దారంతా ఒక్క మాట లేదు. ఆ ఇంటి అరుగు మీద నన్ను నిలబెట్టి, "వీడు చేసినాడు, నాను చూసుకోలేదు" అన్నాడు. ఆ తల్లి లోపల్నుంచి ఒక్క చేత్తో అంబలి ముంత తెచ్చి నా ముందు పెట్టింది. గుంటడు, తెలీక చేసినాడు, తాగు బావూ అన్నాది. తాగలేకపోయినాను. తాగమని మా అయ్య అన్నాడు, అప్పుడు తాగినాను. తెలీక చెయ్యలేదు నేను. పచ్చిదని తెలుసు నాకు. ఆ మాట అక్కడ చెప్పలేకపోయినాను. ఇన్నేళ్ళకి మీకు చెప్తన్నాను.

మర్నాడు మా అయ్య ఒక పచ్చి తుమ్మముక్క, తక్కెడ తెచ్చి నా ముందు పెట్టినాడు. దీని తూకం చూసి బొగ్గుతో గోడ మీద గీటు పెట్టు అన్నాడు. ప్రతి అమావాస్యకీ తూచి పెట్టు, తూకం తగ్గడం ఆగిపోనాక నాకు చెప్పు, అప్పటిదాకా నువ్వు పిడి చెక్కొద్దు. అంతే. మొదటి నెల తూకం బాగా తగ్గింది. రెండో నెల, మూడో నెల ఇంకా తగ్గింది. వానాకాలంలో కాసింత పెరిగింది కూడా. పద్నాలుగో అమావాస్యకి తూకం నిలబడింది. అప్పుడు చెప్పినాను. ఆ ముక్కతోనే పిడి చేయించి, ఆ కొబ్బరాయనకి పంపించినాడు. ఆ ఇంటి కత్తులకి మా అయ్య బతికున్నన్నాళ్ళూ డబ్బు పుచ్చుకోలేదు, నేనూ పుచ్చుకోలేదు.

కొలిమి ఎప్పుడు ఆగిపోనాదంటే ఏటి చెప్పను. ఒకరోజని లేదు. ట్రాక్టర్లొచ్చి కర్రులు పోనాయి. కోతమిషన్లొచ్చి కొడవళ్ళు పోనాయి. కత్తులు అట్టపెట్టెల్లో, ప్లాస్టిక్ పిడులతో రావడం మొదలెట్టినాయి, అన్నీ ఒకే కొలత. పట్టుకున్నోడి చేతులు బొబ్బలెక్కినా ఎవరినీ అడగడానికి లేదు. ఒక వానాకాలం పాక చూరు కుంగిపోనాది. మీ మామ్మ ఆ తాటాకు రెమ్మలన్నీ ఏరి ఒక పాతచీర ముక్కలో మూటగట్టి ఇచ్చింది నాకు. సగం చెద తినీసినాయి. మిగతావి ఉన్నాయి, ట్రంకుపెట్టెలో. ఎవరి చేతులో ఇప్పుడు చెప్పలేను. ముళ్ళు మాత్రం తెలుస్తాయి.

సరే, పెద్దోడా, నీ కత్తి తే. ఊఁ. ఇది తుప్పు పట్టని ఉక్కు, కంపెనీవాళ్ళే నీరు పెట్టీసినారు. కాల్చక్కర్లేదు. అలగని గ్రైండరు మీద గట్టిగా అదమకు. అంచు దగ్గర నెమలి మెడ రంగు కనపడిందంటే పదును చచ్చిపోనాదని లెక్క. నీళ్ళల్లో ముంచుకుంటూ, చేత్తోనే రాయి మీద నూరుకో. దీనికి తోక లేదు, అలుగు వెనకదాకా ఒకటే పలక, మూడు చిల్లులు. అంటే రెండు పక్కలా రెండు చెక్కలు వేసి, ఇత్తడి కడ్డీ ముక్కలు దూర్చి, రెండువైపులా తల కొట్టాల. ఈ దుంగ నడిమధ్యకి చీలిస్తే రెండు చెక్కలూ ఒకే చేవలోంచి వస్తాయి, గీతలు కూడా కలుస్తాయి. లక్క వద్దు దీనికి, నువ్వు తెచ్చిన అరాల్డైటే పెట్టు. కానీ మరీ బిగించీకు, జిగురంతా బయటికి కారిపోతే లోపల ఏటీ మిగలదు. పని మొదలెట్టకముందే అంచుకి పాత సైకిలు ట్యూబు చుట్టు. వార్నీషు వద్దే వద్దు, చెమట పడితే జారతాది. దొడ్డి వెనక బరివెంక చెట్టుంది కదా, దాని ఆకు ఆవు నాలుకలాగ గరుగ్గా ఉంటాది. ముందు నీ గరుకుకాగితం వేసుకో, ఆఖర్న ఆ ఆకుతో రుద్దు, తేడా చూడు. తరవాత అవిసె నూనె, పల్చగా. ఆముదం రాయకు కర్రకి, అది ఎన్నాళ్ళకీ ఆరదు, జిడ్డే. అవిసె నూనె ఆరి గట్టిపడతాది. రోజుకొక పూత, మూడు రోజులు. అలుక్కి మాత్రం ఆముదం రాసుకో.

ఎంత సేపు పడుతుందా? నాలుగు రోజులు పడతాది. నువ్వు కనుమ మర్నాడు కదా బయల్దేరతావు, సరిపోతాది.

ఒరే చిన్నోడా, ఆ ఇంటి చూరులోంచి ఒక తాటాకు రెమ్మ లాగు. అది కాదు, అది తడిసింది. ఆ పక్కది. ఆఁ. మంట ఇటు జరపండి, కనపడటం లేదు నాకు. ఏదీ పెద్దోడా, చెయ్యి తే. అలగ కాదు, వేళ్ళు ముయ్యి. రోజంతా కత్తి పట్టుకుని పని చేసి అలసిపోనాక ఎలగ పట్టుకుంటావో, అలగ పట్టు.